నడికొయ్య మీది జెండా

మొగుడు పెళ్ళాం మీద అనుమానపడ్డాడంటే నమ్మేవాళ్ళుంటారు. అసూయపడ్డాడంటే నవ్వుతారు. ఆ ఏడు చలికాలం నేను పడ్డది అసూయే. దానికి ఇంకేదైనా మర్యాదైన పేరు పెట్టుకుందామని చాలా రోజులు చూశాను, కుదరలేదు.

మా దీవిలో చలికాలం జూన్‌లో మొదలు. అది వచ్చిందంటే మా ఊరు క్యూర్‌పిప్‌లో తుంపర ఆగదు. ఉతికిన చొక్కా మూడు రోజులకి గాని ఆరదు. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, జిగురు పట్టడానికి బద్ధకిస్తుంది. అందుకే మా కార్ఖానాలో ఆ కాలంలో పెద్ద ఓడలు మొదలుపెట్టేవాళ్ళం కాదు. ముస్యే జెర్వే గారి కార్ఖానాలో మేం పన్నెండు మందిమి. వెనకటి కాలపు యుద్ధనౌకల్ని, ఫిరంగులతో సహా, కొలత తగ్గించి చెక్కతో కట్టేవాళ్ళం. హోటళ్ళవాళ్ళూ, ఊళ్ళు చూడ్డానికి వచ్చినవాళ్ళూ కొనుక్కుపోయేవారు.

అప్పటికి ఇరవై రెండేళ్ళుగా నేను ఓడ ఒళ్ళు కడుతున్నాను. కర్పూరం చెక్కతో పక్కటెముకలు నిలబెట్టి, వాటి మీద సన్నటి టేకు బద్దలు వంచి అతికించి, ఫిరంగుల కన్నాలు తొలిచి, రంగు వేసి ఇచ్చేవాణ్ణి. తాళ్ళూ తెరచాపలూ ఆడవాళ్ళ పని. నా ఓడలకి ఆ పని నా భార్య పైడమ్మ ఇంట్లోనే చేసేది. మా ఇల్లు కార్ఖానాకి పది నిమిషాల నడక. సాయంత్రం ఓడని భుజాన వేసుకుని తీసుకెళ్ళేవాణ్ణి, పదిహేను రోజుల తరవాత తాళ్ళతో తిరిగి తెచ్చేవాణ్ణి. అలా పదకొండేళ్ళు. ఆ ఓడల్ని అందరూ గురవయ్య ఓడలనే అనేవారు. పైడమ్మ కూడా అలాగే అనేది.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఓడ అంతా అయ్యాక నడికొయ్య, అంటే మధ్య తెరచాప స్తంభం, చివర జెండా కట్టడం ఒళ్ళు కట్టినవాడి హక్కు. కట్టేటప్పుడు అందరూ పని ఆపి చుట్టూ నిలబడతారు. కట్టినవాడు మిరపకాయ గారెలు తెప్పిస్తాడు. నేను ఆరువందల దాకా జెండాలు కట్టాను. స్నానం చేయని రోజు ఎప్పుడూ కట్టలేదు. మా ముత్తాతలు కోరంగి రేవులో ఓడ ఎక్కి ఈ దీవికి వచ్చినవాళ్ళు. నేను మాత్రం పుట్టి బుద్ధెరిగాక పడవైనా ఎక్కలేదు. ఎక్కకపోతేనేం, ఓడంటే నాకు తెలుసనే అనుకునేవాణ్ణి.

జూన్ రెండో వారంలో కప్తాన్ మార్సెలీన్ వచ్చాడు. పోర్ట్ లూయిస్ రేవులో పెద్ద ఓడలకి దారి చూపించే పని చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. నల్లగా, పొడుగ్గా, మాట తక్కువ. అమ్మకానికి పెట్టిన నా ఓడ ఒకటి అరమీద ఉంటే దాని ముందు ఆగాడు. అరచేత్తో ఒంటి మీద ఒకసారి నిమిరి, పని బాగుందన్నట్టు తలాడించాడు. తరవాత కళ్ళజోడు తీసి పెట్టుకుని తాళ్ళు చూడటం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ తల ఎత్తడు. ఎవరు చేశారని అడిగితే, జెర్వే గారు ఇది మా గురవయ్య ఓడ అని నన్ను చూపించాడు.

కప్తాను నా చేతులకేసి చూశాడు.

"ఒళ్ళు ఈయనదే. తాళ్ళు మాత్రం ఈయనవి కావు."

నా భార్య కట్టిందని చెప్పక తప్పలేదు. ఎక్కడ పుట్టిందని అడిగాడు. సముద్రపొడ్డున పూద్ర్ దోర్‌లో, వాళ్ళ నాన్న చేపలు పట్టేవాడని చెప్పాను.

"అదే మరి. మిగతావాటి మీద తాళ్ళు అలంకారానికి ఉన్నాయి. వీటి మీద బరువుంది" అన్నాడు. తరవాత పైన జెండాకేసి చూసి ఏదో అనబోయి, నా మొహం చూసి మానేశాడు.

కాలం కాదన్నా వినకుండా ఆ రోజే పని పురమాయించాడు. డెబ్బై నాలుగు ఫిరంగుల యుద్ధనౌక, మీటరు పొడవు, తన ఇంటి ముందుగదికి. ఒళ్ళు నేనే కట్టాలి. డెక్కు పైన ఉండేదంతా ఆవిడే చెయ్యాలి, జెండాతో సహా. ఇంకొకటి, పీట మీద ఇత్తడి పలకలో కార్ఖానా పేరు కాదు, చేసిన మనిషి పేరు చెక్కించాలి. అంత చిన్న పలకలో ఒక్క పేరే పడుతుందని జెర్వే గారు అన్నాడు.

"ఒక్కటే చాలు. ఎవరిదో ఓడ చూశాక చెప్తాను" అన్నాడు కప్తాను.

మా చెక్క ఓడలకి ఎన్నడూ మనిషి పేరు లేదు. నా పేరు అక్షరాల్లో ఉన్నది పెళ్ళి కాగితం మీదా, జీతం పుస్తకంలోనూ. ఇత్తడి మీద నా పేరు ఎలా ఉంటుందో ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఊహించుకున్నాను. ఇంటికి వెళ్ళాక పైడమ్మకి పని సంగతి చెప్పాను. పలక సంగతి చెప్పలేదు. మర్నాడు ఎవరో ఆమెకి చెప్పనే చెప్పారు.

ఓడ పెద్దది కాబట్టి భుజాన వేసుకుని ఇంటికి తీసుకెళ్ళడం కుదరదు. జూలైలో ఒళ్ళు పూర్తవగానే జెర్వే గారు పైడమ్మని కార్ఖానాకి రమ్మన్నాడు. తాళ్ళ పనికి వెలుతురు కావాలి. కార్ఖానాలో మంచి వెలుతురు పడే కిటికీ ఒక్కటే, దాని కింద ఉన్న బల్ల నాది. "కొన్ని రోజులే గదా గురవయ్యా" అని జెర్వే గారు నా పనిముట్లు తనే చేతుల్లోకి తీసుకున్నాడు. నేను రంపం గదికి ఆనుకున్న బల్ల దగ్గరికి మారాను. అక్కడ పొట్టు ఎగిరి టీలో పడుతుంది.

పైడమ్మ మొదటి రోజు ముడుచుకుని కూర్చుంది. మూడో రోజుకి తెరచాపల గుడ్డ నానబెట్టే టీ ఎందుకు మార్చాలో ఆడవాళ్ళకి చెబుతోంది. మా దగ్గర కొత్త గుడ్డ పాతబడినట్టు కనిపించడానికి టీలో ముంచుతాం. వెనీలా కలిపిన టీ పొడి చవగ్గా దొరికిందని ఏళ్ళ తరబడి అదే వాడుతున్నారు.

"వెనీలా వాసనకి చీమలు పడతాయి. కొన్నవాళ్ళు ఇంట్లో పెట్టుకున్నాక ఫిరంగుల్లోంచి చీమలు వస్తాయి" అంది.

అందరూ నవ్వారు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. నేను ఇరవై రెండేళ్ళు పనిచేసి ఒక్కసారి కూడా అలా నవ్వించలేదు.

కొయ్యలు లేచాయి. వాటి నుంచి పక్కలకి నిచ్చెనల్లాంటి తాళ్ళు దిగాయి. ఒక్కొక్క నిచ్చెనకి వందల ముళ్ళు, ఒక్కో ముడి ఆవగింజంత. సూది మొనతో తాడుని లాగి, ఊపిరి బిగబట్టి, వదిలేది. దారిన పోయేవాళ్ళు ఆ బల్ల దగ్గర ఆగడం మొదలైంది. టీ వేళ కప్పులు పట్టుకుని అక్కడికే పోయేవారు. నేను కట్టిన ఒంటికి రెండు పక్కలా డెబ్బై నాలుగు ఫిరంగులు. ఒక్కొక్కటీ విడిగా తరిణె పట్టి, నలుపు వేసి, చక్రాలతో సహా బిగించాను. ఎర్రచారా, పసుపుచారా గీతకి గీత తగిలి చెదరకుండా మూడు పూతలు వేశాను. తాళ్ళు పడేకొద్దీ అదంతా వెనక్కి పోయింది. కళ్ళు నేరుగా పైకే పోతున్నాయి. పెళ్ళిలో పీటలు వేసినవాణ్ణి ఎవరు చూస్తారు?

రంపం దగ్గర పనిచేసే కుర్రాడు ఫిఫీ నోటికి అడ్డూ ఆపూ లేదు. "ఏం అన్నా, ఇప్పుడు ఇంట్లో జీతం ఎవరి చేతికిస్తున్నావు?" అని ఒక రోజు. "వదినకి టీ నువ్వు తీసుకెళ్ళచ్చుగా, మేస్త్రీకి సేవ చేస్తే పుణ్యం" అని ఇంకో రోజు. నేనూ నవ్వేవాణ్ణి. దవడలు నొప్పెట్టేదాకా నవ్వేవాణ్ణి.

ఇంట్లో ఆకుకూర పులుసులో ఉప్పు లేదన్నాను. ఉంది. దాల్ పూరీ మందంగా ఉందన్నాను. రోజంతా కార్ఖానాలో కూర్చుంటే వంట ఎలా కుదురుతుందని కూడా అన్నాను.  పైడమ్మ మర్నాడు గంట ముందు లేచింది. ఆమె గొణిగినా బాగుండేది. మాట పడినవాళ్ళు ఊరుకుంటే అన్నవాడికి ఆ మాట తిరిగొచ్చి తగులుతుంది. తగిలిన కొద్దీ నాకు ఇంకా కోపం వచ్చేది.

శనివారాలు నేను వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటాను. మా నాన్న ఉండేవాడు, నేనూ ఉంటున్నాను. ఆ చలికాలం కూడా మానలేదు. దీపం పెట్టి, నామం దిద్దుకుని, స్వామి ముందు కూర్చునేవాణ్ణి. అబద్ధం ఎందుకు, నాకు మంచి బుద్ధి ఇమ్మని అడగలేదు. పలక మీద పేరు అడిగాను. తన ఇద్దరు భార్యల మధ్య పోటీలు పెట్టుకున్న స్వామికి ఇది అర్థం కాదా అని కూడా అనుకున్నాను. ఆ మాటకి తరవాత లెంపలేసుకున్నాను.

ఆగస్టు చివరి శనివారం నాటికి ఓడ పూర్తయింది. సోమవారం కప్తాను వస్తాడు. జెండా గుడ్డకి రంగు నేనే వేశాను, ఆ పని ఇంకెవరికీ చేతకాదు. జిగురు ఆరకముందే పెన్సిలు మీద వంచి అలలు పెట్టాలి. వంచి, ఎండబెట్టి, పైడమ్మ బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఆమె కట్టేటప్పుడు అందరూ చుట్టూ చేరారని చప్పుళ్ళని బట్టి తెలిసింది. నేను చెక్క లెక్క చూడాలని వెనక కొట్లోకి పోయాను. ఆ రోజు గారెలు పైడమ్మ తెప్పించింది. నా వాటా కాగితంలో చుట్టి నా బల్ల మీద పెట్టారు. ఒక్కపొద్దని తెలిసి కూడా పెట్టారు. ఫిఫీ పనే అయ్యుంటుంది.

శనివారం ఒంటిపూటే పని. అందరూ వెళ్ళాక కిటికీలు వేద్దామని వచ్చి ఓడ ముందు నిలబడ్డాను.

జెండా ఓడ ముక్కు వైపుకి ఎగురుతోంది.

మొదట నా కళ్ళని నమ్మలేదు. అటు తిరిగి చూశాను, ఇటు తిరిగి చూశాను. ఓడ ముందుకి పోతుంది, జెండా వెనక్కి ఎగరాలి. ఎన్నికలప్పుడు బండి మీద జెండా కట్టుకుపోతే ఎటు ఎగురుతుంది? సైకిలు మీద పోయేవాడి కండువా ఎటు ఎగురుతుంది? చిన్నపిల్లాడికి కూడా తెలిసిన సంగతి. నేను కట్టిన ఆరువందల జెండాలూ వెనక్కే ఎగిరాయి. అన్ని తాళ్ళు కట్టి, అన్ని వేల ముళ్ళు వేసి, చివరికి జెండా తిరగేసి కట్టింది.

నా కడుపులో చల్లగా ఏదో దిగింది. ఎండాకాలంలో చెరుకు రసం దిగినట్టు దిగింది.

విప్పి మళ్ళీ కట్టడానికి పావుగంట చాలు. ఆమె ఇంకా ఇంటికి పోలేదు. బయట చూరు కింద గొడుగు పట్టుకుని నా కోసం నిలబడి ఉంది. ఒక్క మాట పిలిస్తే వస్తుంది. పిలవలేదు. కిటికీ రెక్కలు ఒక్కొక్కటే వేసి, గడియ పెట్టి, ఓడ మీద దుమ్ము పడకుండా గుడ్డ కూడా కప్పాను. అంత శ్రద్ధగా కప్పాను.

బయటికి వెళితే, "చూశారా?" అని అడిగింది.

"చూశాను. బాగుంది."

ఇద్దరం ఒకే గొడుగు కింద నడిచాం. దారిలో రెండుసార్లు నా మొహంలోకి చూసింది. నేను గుంటలు చూసుకుంటూ నడిచాను.

ఆదివారం పొద్దున కూరగాయలు తరుగుతూ, జెండాకి రంగు బాగా పట్టింది కదా అంది. పట్టిందన్నాను. ఆమె చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. పది గంటలకి మందిరంలో రామభజన ఉంటే వెళ్ళాను. నడుమ దీపం పెట్టి చుట్టూ తిరుగుతూ పాడటం మా పెద్దల నాటి నుంచీ ఉంది. ముప్ఫై ఏళ్ళుగా నా అడుగు తప్పలేదు. ఆ రోజు ముందువాడి మడమ రెండుసార్లు తొక్కాను. రేపు అందరి ముందూ ఆమె తల దించుకుంటుందని తలుచుకుంటూ రామనామం పాడాను. నా నోట్లోంచి వచ్చిన ఆ నామం ఎవరి లెక్కలోకి వెళ్ళిందో నాకు తెలియదు.

సోమవారం కప్తాను తొమ్మిదింటికల్లా వచ్చాడు. రంపాలు ఆగాయి. పన్నెండు మందిమీ గోడవారగా నిలబడ్డాం. పైడమ్మ ఆడవాళ్ళ వెనక నిలబడింది. జెర్వే గారు గుడ్డ తీశాడు.

కప్తాను ఒకసారి చుట్టూ తిరిగాడు. ఒంటి మీద చెయ్యి వేసి నాకేసి చూసి తలాడించాడు. రెండోసారి తిరుగుతూ నడికొయ్య దగ్గర ఆగాడు. చాలాసేపు ఆగాడు. ఇదే, ఇప్పుడే, అనుకున్నాను. 

"నలభై ఏళ్ళు సముద్రం మీద బతికాను. ఈ దీవిలో చేసిన ఓడలు హోటళ్ళలో రెండు వందలు చూసుంటాను. జెండా సరిగ్గా ఉన్న ఓడ చూడటం ఇదే మొదలు" అన్నాడు.

జెర్వే గారికి అర్థం కాలేదు. మాకెవరికీ కాలేదు. కప్తాను ఓపిగ్గా చెప్పాడు. ఇది బండి కాదు, దీన్ని తోసేది గాలి. తెరచాపలు ముందుకి ఉబ్బి ఉన్నాయంటే గాలి వెనక నుంచి వస్తోందన్నమాట. ఓడ ఎంత పరిగెత్తినా గాలి దానికంటే ముందే ఉంటుంది.

"చాపల్ని ముందుకి తోసే గాలి జెండాని వెనక్కి ఎలా లాగుతుంది? ఒకే ఓడ మీద రెండు గాలులుంటాయా?"

అందరి కళ్ళూ అరమీదికి పోయాయి. అమ్మకానికి సిద్ధంగా ఉన్న ఓడలు తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదింటి మీదా చాపలు ముందుకి, జెండాలు వెనక్కి. వాటిని కట్టింది ఎవరో అక్కడ తెలియనివాళ్ళు లేరు. జెర్వే గారి చెవులు ఎర్రబడ్డాయి. ఫిఫీ కూడా ఏమీ అనలేదు. ఫిఫీ ఊరుకున్నాడంటే అంతకంటే పెద్ద అవమానం మా కార్ఖానాలో లేదు.

కప్తాను పైడమ్మని ముందుకి పిలిచి, జెండా ఎవరు కట్టారని అడిగాడు.

"నేనే కట్టానండి. ఎటు కట్టాలో మా ఆయన చెప్పారు" అంది.

 మరి ఆ తొమ్మిదీ అని కప్తాను అడిగాడు.

"అవి అలవాటు మీద కట్టేసేవాళ్ళం. కొనేవాళ్ళు అడిగేది కూడా అలాగే. ఇది సముద్రం తెలిసిన మనిషి ఇంటికి పోయే ఓడ, ఇది మాత్రం సరిగ్గా కట్టమన్నారండి."

ఇంత పెద్ద అబద్ధం ఆమె ఆడగలదని నాకు తెలియదు. తడుముకోలేదు, నా వైపు చూడలేదు. అందరూ నాకేసి తిరిగారు. అప్పుడు కాదు అనడానికి ఒక్క మాట చాలు.

నేను తల ఊపాను.

కప్తాను నన్ను చూశాడు, ఆమెని చూశాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "సరే, పలక మీద ఈయన పేరు వేయించండి" అన్నాడు జెర్వే గారితో. ఫిఫీ నా వీపు మీద చరిచాడు. "లోపల ఇంత దాచుకున్నావా అన్నా" అన్నాడు. ఆడవాళ్ళు పైడమ్మ చుట్టూ చేరి నువ్వు అదృష్టవంతురాలివన్నారు. అంత తెలిసిన మొగుడు దొరికాడని.

సాయంత్రం ఓడని పెట్టెలో పెట్టేటప్పుడు కప్తాను నా పక్కకి వచ్చాడు. కొయ్యలకి దెబ్బ తగలకుండా గుడ్డలు ఎలా దోపాలో చూపిస్తున్నవాణ్ణి ఆగిపోయాను.

"మేస్త్రీ, జెండా దగ్గర ఆగినప్పుడు నేను చూసింది జెండాని కాదు. మిమ్మల్ని చూశాను" అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు.

 మరి నా పేరెందుకు వేయించారని అడిగాను.

"ఓడ ఆవిడది. ఆవిడ అడిగిందే ఇచ్చాను."

ఇంటికి ఎలా వెళ్ళానో నాకు గుర్తు లేదు. పైడమ్మ నాకంటే ముందే వచ్చి వసారాలో కూర్చుని కూరకి చౌచౌ కాయలు చెక్కు తీస్తోంది. చెప్పులు విప్పకుండా మెట్టు మీదే కూర్చున్నాను. చెప్పాను. శనివారమే చూశానని, తప్పు కట్టిందనుకున్నానని, అందరిలో నవ్వులపాలు కావాలని ఊరుకున్నానని, అన్నీ వరసగా చెప్పాను. మందిరంలో పాడుతూ ఏం తలుచుకున్నానో అది కూడా చెప్పాను. పలక మార్పించమని రేపే జెర్వే గారికి చెప్తానన్నాను.

ఆమె చెక్కు తియ్యడం ఆపలేదు. "పలక మార్చద్దు. ఇప్పుడు మారిస్తే నేను అబద్ధమాడానని తెలుస్తుంది" అంది.

జెండా తప్పని నీకు ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. మొదటి ఓడ నుంచీ అంది. మరి చెప్పలేదేం అన్నాను.

"చెప్పాను. మొదటి ఏడే చెప్పాను. జెండా అటేమిటండీ అంటే, నీ ముళ్ళు నువ్వు చూసుకో అన్నారు."

నాకు గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా గుర్తుకి రాలేదు. ఆమెకి ఆ రోజు నేను ఏ చొక్కా వేసుకున్నానో కూడా గుర్తున్నట్టుంది.

కాయలు గిన్నెలో వేసి, చేతులు కొంగుకి తుడుచుకుని, అప్పుడు నాకేసి చూసింది.

"మీరు శనివారం చూశారని నాకూ తెలుసు. జెండాని అటూ ఇటూ తిరిగి చూస్తుంటే కిటికీలోంచి కనబడ్డారు. ఇదేంటే ఇలా కట్టావు అని అడుగుతారనుకున్నాను. ఈసారి అడక్కుండా ఉండలేరు అనుకున్నాను. దారంతా చూశాను. ఆదివారం కూడా చూశాను."

 తుంపర ఆగింది. దండెం మీద చీర అంతా ఒకే పక్కకి లేచి పడుతోంది. నాకు జెర్వే గారూ కప్తానూ పలకా ఏవీ కనిపించడం లేదు. రెండు రోజులు నా పక్కనే నడిచి, నా పక్కనే వండి, ఒక్క ప్రశ్న కోసం కాచుకున్న మనిషి కనిపిస్తోంది.

"అయితే ఇప్పుడు అడుగుతున్నాను. గాలి సంగతి నీకెవరు నేర్పారు?" అన్నాను.

ముందు కాళ్ళు కడుక్కుని రండి, చెప్పులతో మెట్టెక్కారు అంది. కడుక్కుని వచ్చాను. అన్నం పెట్టింది. తింటూ ఉంటే మెల్లగా మొదలుపెట్టింది. వాళ్ళ నాన్నకి మగపిల్లలు లేరట. తొమ్మిదో ఏట నుంచి తనే పడవలో కూర్చుని చాప తాడు పట్టుకునేదట. ఒక తాడు లాగితే ఇంకొకటి ఎందుకు వదలాలో ఆయన చెప్పేవాడు కాడట, చేతిలో పెట్టి ఊరుకునేవాడట. తాడు కోసిన మచ్చ ఒకటి చూపించింది, బొటనవేలి మొదట్లో. పందొమ్మిదేళ్ళుగా ఆ చేత్తో పెట్టిన అన్నం తింటున్నాను, ఆ మచ్చ సూదిపోట్లదనుకున్నాను.

ఆమె అంతసేపు మాట్లాడటం నేను ఎరగను. మధ్యలో ఎవరైనా వచ్చి తలుపు కొడతారేమోనని భయపడ్డాను. మొన్నటిదాకా ఆమె నేర్పు చూసి కుమిలాను. ఇప్పుడు ఆ పడవని చూసి కుమిలాను. ఆ పడవకి తెలిసినంత కూడా నాకు ఈమె తెలియదు.

మీ నాన్న పడవ పేరేమిటని అడిగాను.

ఆమె నా కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది. మరిచిపోయిందేమో అనుకున్నాను.

"పేరేం లేదండి. సర్కారువాళ్ళు వేసిన అంకె ఒకటి ఉండేది. పేరెందుకు, ఒడ్డున అందరికీ తెలుసుగా అది ఎవరిదో" అంది.